శుక్రవారం బొంత

1939 నాటికి గద్వాలలో బొంత కావాలన్నవాళ్లు కుల్సుమ్‌బీ ఇంటికే పోయేవాళ్లు. పాత చీరలు, ధోవతులు, చిరిగిన దుప్పట్లు మూటగట్టి తెచ్చి ఆమె గడపలో పడేసేవాళ్లు. ఆమె వాటిని నాలుగైదు పొరలుగా నేల మీద పరిచి, అంచులకు రాళ్లు పెట్టి, ముడతలు చేత్తో సరిచేసి, అంచు నుంచి నడిమికి కుట్టుకుంటూ వచ్చేది. బాలింతకు మెత్తనిది, పొలం కావలికి పోయే మనిషికి మందమైనది. అంతకు మించి ఆమెకు వచ్చిన విద్య లేదు. చదువు అసలే లేదు.

అప్పటికి ఆమెకు నలభై ఏళ్లు. భర్త గుర్రాలకు నాడాలు కొట్టేవాడు, పోయి ఆరేళ్లయింది. పిల్లలు లేరు. బొంతల పని చలికాలం ముందు, ఊళ్లో కాన్పులున్నప్పుడు దొరికేది. మిగతా నెలల్లో ఒంటిపూట తిండి. రాయచూరులో పత్తి మిల్లులో పనిచేసే తమ్ముడు సాబిర్ ఏటా రంజానుకు వచ్చి, "ఆపా, ఇక్కడ ఎవరున్నరు నీకు? నడువు మా ఇంటికి" అనేవాడు. తమ్ముడు మంచివాడే. మరదలు కూడా చెడ్డది కాదు, కానీ ఆమెకు ఐదుగురు పిల్లలు. ఆ ఇంట్లో తన చోటు పొయ్యి పక్కనేనని కుల్సుమ్‌బీకి తెలుసు. ఆ ఏడు ఇక తప్పించుకోలేక మాట ఇచ్చింది.

"వచ్చే రంజాన్ పండుగ దాక చూస్త సాబిర్. అప్పటికి ఏ దారి దొరకకుంటే నీ బండెక్కి వస్త."

నెల తిరగకముందే ఒక దారి కనబడింది. ఊళ్లో ఆడపిల్లల బడికి విజయమ్మ పెద్ద పంతులమ్మ. వనపర్తి నుంచి వచ్చిన మనిషి. తన బడికి కుట్టుపని నేర్పే ఆమె కావాలని రెండేళ్లుగా పైకి రాస్తోంది. చివరిసారి తనిఖీకి వచ్చిన అధికారిణి ఆ కాగితాలు పక్కన పెట్టి, ఊరి ఆడవాళ్లంతా కలిసి ఏడాదిపాటు కుట్టిన పని ఏదైనా చూపిస్తే ఉద్యోగానికి సిఫారసు రాస్తానంది. విజయమ్మ ఆ సాయంత్రమే కుల్సుమ్‌బీ ఇంటికి వచ్చింది.

"ఊరి చరిత్ర బట్ట మీద కుట్టాలె కుల్సుమ్‌బీ. ఏడాది పని. అది కుదిరితే ఆ నౌకరి నీకే అడుగుత."

"చరిత్రంటే ఏంది పంతులమ్మా?"

"ఇంతకుముందు ఊళ్లో జరిగినవి."

"జరిగినవా? గవైతే శాన ఉన్నయి. బట్ట జర పెద్దది తెప్పియ్యి."

మగ్గం నేసే నాగప్ప ఇంటి నుంచి మందపు తెల్లబట్ట వచ్చింది. పద్నాలుగు మూరల పొడుగు, నాలుగు మూరల వెడల్పు. మగ్గాల మీద మిగిలిన పట్టు పోగులు, నూలు పోగులు నాగప్ప భార్య బుట్టతో పంపింది. అడుగు పొరలకు, బొమ్మలకు కావలసిన పాతబట్టలు ఇంటింటి నుంచి వచ్చాయి. వాటిని ఉతికి తెచ్చే పని చాకలి యాదమ్మది. సూది పట్టడం తనకు రాదని ఆమె ముందే చెప్పేసింది.

శుక్రవారం బడికి సెలవు. ఆ రోజు ఎనిమిది మంది ఆడవాళ్లు బడి నడిమింట్లో చేరేవాళ్లు. బట్టను రెండు కొసల నుంచి చుట్టచుట్టి, ఆ వారం కుట్టవలసిన నాలుగు మూరల మేరకు మాత్రం విప్పేవాళ్లు. నలుగురు ఈ పక్క, నలుగురు ఆ పక్క. కుల్సుమ్‌బీ ఒక పక్కకు పెద్ద. ఎదురు పక్కకు జములమ్మ పెద్ద. ఈమె కాపుల కోడలు, పుట్టింది గట్టు అనే ఊళ్లో. ఆమె నోటికి ఊళ్లో పటేలు కూడా జంకేవాడు.

మొదటి శుక్రవారమే తగాదా వచ్చింది. రాజులతో మొదలుపెట్టాలని విజయమ్మ అంది.

"రాజు మొకం మాలో ఎవలు చూసిన్రు పంతులమ్మా?" అంది జములమ్మ. "పైన తలపాగ కుడ్తం, కింద గుర్రం కుడ్తం. నడుమ రాజున్నడని మీరు అనుకోండ్రి."

రాజుల సంగతి అక్కడితో ముగిసింది. ఎవరికి ఏది యాదికి వస్తే అది కుట్టడం మొదలైంది. అందరికంటే పెద్దది లాల్‌బీ, డెబ్బై దాటిన మనిషి, జములమ్మ పక్కన కూర్చునేది. ధాత నామ సంవత్సరపు కరువు నాటికి ఆమెకు ఎనిమిదేళ్లు. ఆమె ఒక బోర్లించిన కుండను కుట్టి, పక్కన ఇంకేమీ కుట్టకుండా వదిలేసింది.

"మనుషులను కుట్టవా దాదీ?" అని అడిగింది విజయమ్మ.

"వాకిట్ల కుండ బోర్లిచ్చిన్రంటే ఇంట్ల వండేది లేదని గుర్తు బిడ్డా. మనుషులు ఏడున్నరు? కొందరు పోయిన్రు, కొందరు ఎల్లిపోయిన్రు."

కుల్సుమ్‌బీ పక్కన ప్లేగు వచ్చినప్పుడు ఊరు వదిలి చేలల్లో వేసుకున్న గుడిసెలు లేచాయి. ఏరు పొంగిన ఏడాది మనుషులను దాటించిన పుట్టి వచ్చింది. జములమ్మ మొదటిసారి వచ్చిన రైలును కుట్టింది. ఇంజను కంటే ముందు పొగ కుట్టింది, తాను చూసింది అదే వరసలోనట.

వేసవిలో ఒకరోజు జములమ్మ సూది ఆపి కుల్సుమ్‌బీని అడిగింది. "బూబమ్మా, మల్దకల్ తిమ్మప్ప రథం నువ్వు కుడ్తున్నవా ఏంది?"

"కుడ్త. నువ్వు పీర్లను కుట్టు. పోయినేడు పీర్లకు మొక్కి మర్సినవ్ గద."

"ఓయమ్మ! నా మొక్కులు నీ కాడ రాసిపెట్టుకున్నవా!"

నవ్వులయ్యాక జములమ్మ నిజంగానే పీర్లను కుట్టింది. వెండి పీరుకు నాగప్ప ఇంటి జరీ పోగు పెట్టింది. రథం చక్రాలు ఎన్ని ఉంటాయో, గొడుగు ఎటు వంగుతుందో ఆమె చెబుతుంటే కుల్సుమ్‌బీ కుట్టింది. రెండు పక్కల బొమ్మల తలలకు నడుమ జానెడు మేర మిగిలితే, అది ఆకాశమని తీర్మానించి నీలం గుడ్డ అతికారు.

విజయమ్మ ప్రతి శుక్రవారం వచ్చి గుమ్మం పక్కన, కుల్సుమ్‌బీ వాళ్ల వెనక కూర్చునేది. ఎదురు పక్క బొమ్మలు ఆమెకు తలకిందులుగా కనబడేవి. నేల మీద పరిచిన బట్టకు అవతల కూర్చున్నవాళ్ల పని అట్లాగే కనబడుతుంది కనక ఆమెకు ఏ అనుమానమూ రాలేదు.

1940 నవంబరు మొదట్లో రంజాన్ పండుగ వెళ్లింది. సాబిర్‌కు మిల్లులో సెలవు దొరకక రాలేదు. అక్క ఇచ్చిన మాట గుర్తుచేస్తూ కార్డు రాశాడు. తనిఖీ అధికారిణి పై బుధవారం వస్తుందని బడికి కబురు వచ్చింది. శుక్రవారం చివరి కుట్టు పడింది. శనివారం పిల్లలు ఇళ్లకు పోయాక విజయమ్మ ఒక వెదురు బొంగు, నాలుగు మేకులు తెప్పించింది. ఎనిమిది మందీ బట్టను పూర్తిగా విప్పి, పైకెత్తి, గోడకు కట్టి వెనక్కు వచ్చి చూశారు.

కింది సగంలో ఊరు నిటారుగా ఉంది. పై సగంలో రైలు చక్రాలు కప్పును చూస్తున్నాయి. పీర్లెత్తుకున్నవాళ్లు నీలం గుడ్డ నుంచి కిందికి వేలాడుతున్నారు.

మొదట జములమ్మకే నవ్వొచ్చింది.

"ఏందే బూబమ్మా, మా దిక్కోళ్లంత గబ్బిలాలోలె యాలాడుతున్నరు!"

లాల్‌బీ కళ్లు చికిలించి చూసింది. "నా కుండ ఒక్కటే సక్కగయింది," అంది.

విజయమ్మ నవ్వలేదు. "గోడకు కట్టేదని తెల్వదా కుల్సుమ్‌బీ?"

"గోడకని మీరెప్పుడు చెప్పిన్రు పంతులమ్మా?"

"చెప్పేదేముంది? అందరూ చూసే బట్ట గోడకు గాక ఏడ కడ్తరు?"

"నాకేం తెల్సు? బట్టంటే పరిచేది, కప్పుకునేది. దానికి తల దిక్కు, కాళ్ల దిక్కు ఉంటదని నేనేడ చూసిన?"

ఇద్దరి మాటా నిజమే. పుట్టినప్పటి నుంచి ఆ ఎనిమిది మంది చేసిన పని అదే. నేల మీద చుట్టూ కూర్చోవాలి, ఎవరి అంచు నుంచి వాళ్లు కుట్టాలి. కుట్టే మనిషి ఒడి వైపు బొమ్మకు కాళ్లు, నడిమి వైపు తల. ఏడాదిలో ఒక్కరికీ వేరే ఆలోచన రాలేదు.

నడిమికి కోసి పై ముక్కను తిప్పి కుడితే సరిపోతుంది గదా అంది విజయమ్మ. కుల్సుమ్‌బీ తల అడ్డంగా ఊపింది.

"అందుల చచ్చినోళ్ల బట్టలున్నయి. లాల్‌బీ పెనిమిటి అంగీ ఉన్నది, జములమ్మ అత్త చీరున్నది. కలిపి కుట్టినంక నేను కత్తెర పెట్టను."

"అయితే మా దిక్కుది ఇప్పుతం," అంది జములమ్మ. "నాలుగు దినాలున్నయి. ఇల్లు వాకిలి ఇడిసిపెట్టి కూసుంటం. రైలు పోతే పోయింది, ఇంకోటి రాదా?"

మిగతా ముగ్గురూ ఒప్పుకున్నారు. లాల్‌బీ అప్పుడే సూది మొనతో తన కుండ అంచున మొదటి పోగు లేపింది. కుల్సుమ్‌బీ వెళ్లి ఆ ముసలామె చేయి పట్టుకుంది.

"వద్దు దాదీ. నా నౌకరికి మీ ఏడాదంత పీకి పడేయమంటనా? తప్పు నాది, పెద్దగ కూసున్నదాన్ని నేను. ముట్టకుండ్రి."

ఎంత వాదించినా ఒప్పుకోలేదు. బట్టను దింపించింది. ఆదివారం పొద్దున బడికి వచ్చి తమ్ముడికి ఒక కార్డు రాసిపెట్టమని విజయమ్మను అడిగింది. పండుగ వెళ్లింది, దారి దొరకలేదు, బండి తీసుకొని రా. ఆ మూడు మాటలే. విజయమ్మ రాసింది. రెండు రోజులు ఆగి వేద్దామని చూసింది గాని, కుల్సుమ్‌బీ కార్డు తీసుకొని టపాఖానాకు తానే పోయి వేసింది.

బట్ట మాత్రం మురికిగా ఉంది. ఏడాదిపాటు ఎనిమిది మంది చేతులు, పిల్లల కాళ్లు, జములమ్మ వక్కాకు. ఎక్కడ పెట్టినా ఉతికి పెట్టాలని సోమవారం యాదమ్మ దాన్ని రేవుకు మోసుకుపోయింది. తడిసిన బొంత ఇద్దరు ఎత్తితే గాని లేవలేదు. బడి వెనక రెండు గుంజల నడుమ లావుపాటి తాడు కట్టి, బరువు రెండు పక్కలా సమంగా పడేట్టు పొడుగునా దాని మీద వేసింది. అంచులు గుంజి సరిచేయడానికి ఈ పక్క నుంచి ఆ పక్కకు పోయింది. తిరిగి ఈ పక్కకు వచ్చింది. తర్వాత పరుగున కుల్సుమ్‌బీ ఇంటికి పోయింది.

"బూబమ్మా! ఓ బూబమ్మా! జెప్పన రా. నీ మనుషులు లేసి నిలవడ్డరు!"

కుల్సుమ్‌బీ అప్పుడు సామాను మూటగడుతోంది. ఏమయిందో అర్థంగాక కొంగు సరిచేసుకుంటూ వచ్చింది. తాడుకు ఈ పక్క రథం, గుడిసెలు, పుట్టి. కాళ్లన్నీ నేల వైపున్నాయి. ఆమె బొంత కిందుగా వంగి ఆ పక్కకు పోయింది. రైలు పట్టాల మీద ఉంది. పీర్లు లేచి ఉన్నాయి. లాల్‌బీ కుండ మళ్లీ బోర్లించి ఉంది. తాడు సరిగ్గా నీలం గుడ్డ మీద పడింది.

"నీకెట్ల తోచింది యాదమ్మా?"

"నాకేం తోచలె. బట్ట ఆరేసిన. బట్టను ఎవలన్న గోడకు ఆరేస్తరా?"

బుధవారం తనిఖీ అధికారిణి వచ్చింది. హైదరాబాదు మనిషి, తెలుగు బాగానే వచ్చు. లెక్కలు, హాజరు పుస్తకాలు చూసి అయిపోయాక విజయమ్మ ఆమెను పెరట్లోకి తీసుకుపోయింది. ఎనిమిది మందీ గోడ వెంబడి వరసగా నిలబడ్డారు. యాదమ్మ గుంజ చాటున నిలబడింది. అధికారిణి ఒక పక్క పొడుగునా నడిచి చూసింది, తిరిగి రెండో పక్కకు పోయి చూసింది.

"గోడకు కాక తాడుకు ఎందుకు వేశారు? ఇట్లా అనుకునే కుట్టారా?"

విజయమ్మ నోరు తెరిచింది. రెండు పక్కల నుంచి చూసేట్టు కుట్టించామని చెప్పడానికి ఆమె మాట సిద్ధం చేసుకుంది. ఆ మాట కంటే కుల్సుమ్‌బీ ముందు పడింది.

"లేదమ్మా. తప్పు కుట్టినం. నేను చూసుకోలె. గోడకు కడ్తే సగం మంది తలకిందులయిన్రు. మా యాదమ్మ ఆరేస్తే సక్కగైంది."

జములమ్మ పళ్లు కొరుక్కుంది. "నోట్ల నువ్వుగింజ నానదు దీనికి," అని పక్కామె చెవిలో అంది.

అధికారిణి మళ్లీ ఒకసారి చుట్టూ తిరిగింది. కుండ దగ్గర ఆగి అదేమిటని అడిగింది. లాల్‌బీ చెప్పింది. ఆమె చెప్పినంతసేపూ నిలబడి విన్నది. తర్వాత కుల్సుమ్‌బీ పేరు, తండ్రి పేరు అడిగి పుస్తకంలో రాసుకుంది.

"సిఫారసు రాస్తాను. మంజూరు నా చేతిలో లేదు. ఎప్పుడొస్తుందో చెప్పలేను," అని రైలు వేళయిందని వెళ్లిపోయింది.

ఇది జరిగిన ఐదో రోజు సాబిర్ బండితో దిగాడు. కార్డు అందింది మరి. కుల్సుమ్‌బీ చేతిలో అప్పటికి ఉద్యోగం లేదు, సిఫారసు రాస్తానన్న మాట ఉంది. ఆ మాటతో పొయ్యి రాజేయలేమని ఆమెకూ తెలుసు. విప్పిన మూట మళ్లీ కట్టింది. బయటికి వచ్చేసరికి అరుగు మీద జములమ్మ, ఇంకో నలుగురు కూర్చున్నారు.

"ఎవల కోసం తమ్మీ బండి?" అని జములమ్మ సాబిర్‌ను అడుగుతోంది.

"ఆపా కోసమమ్మా."

"మీ ఆపాకు శుక్రవారం పనుంది."

"ఏ శుక్రవారం?"

"అన్ని శుక్రవారాలు."

సాబిర్ ఇబ్బందిగా నవ్వాడు. "నౌకరి రాలె గదమ్మా."

"వస్తది."

"వచ్చెదాక తినేదెట్ల?"

"మేమెట్ల తింటున్నమో గట్లనే."

సాబిర్ అక్క వైపు చూశాడు. కుల్సుమ్‌బీ మూట నేల మీద పెట్టి దాని మీదే కూర్చుండిపోయింది. ఏడ్చిందని జములమ్మ అనేది, దుమ్ము పడిందని కుల్సుమ్‌బీ అనేది. ఖాళీ బండి పోకూడదని జములమ్మ రెండు కుంచాల వేరుశనక్కాయ సాబిర్ పిల్లలకని అందులో ఎక్కించి పంపింది.

మంజూరు ఎనిమిది నెలల తర్వాత వచ్చింది. ఆ ఎనిమిది నెలలూ కుల్సుమ్‌బీ ఎవరి వాకిట్లోనూ చేయి చాచలేదు. చాచే అవసరం వాళ్లు రానివ్వలేదు. ఒకామె పాత చీరలు తెచ్చి బొంత కుట్టమనేది, కూలికి ముందే జొన్నలు పోసేది. ఇంకోవారం ఇంకొకామె వచ్చేది. పాలమూరు ఎండలో, ఏప్రిల్ నెలలో, బొంత అవసరమైన ఇల్లు గద్వాలలో ఒక్కటీ ఉండదు. జములమ్మ ఇంట్లో మనుషులు ముగ్గురు, ఆ వేసవి చివరికి బొంతలు ఏడు. కుల్సుమ్‌బీ ఒక్కరినీ ఎందుకని అడగలేదు. ప్రతి బొంతా పెళ్లికూతురికి కుట్టినట్టు సన్నటి కుట్టుతో కుట్టి ఇచ్చింది.

1941 జూలైలో కాగితం వచ్చింది. వేలిముద్ర వేయబోతే పంతులమ్మలు వేలిముద్ర వేయకూడదని విజయమ్మ ఆపింది. పలక మీద కుల్సుమ్‌బీ పేరు రాసి చూపించింది. బలపంతో ఆమెకు చేయి తిరగలేదు. ఇంటికి పోయి ఆ అక్షరాలనే గుడ్డ ముక్క మీద దారంతో పదిసార్లు కుట్టింది. మూడోనాడు వచ్చి సంతకం పెట్టింది. తర్వాత పదిహేడేళ్లు ఆ బడిలో పనిచేసింది. అయిజ, మల్దకల్ నుంచి వచ్చి చదువుకున్న పిల్లలు కూడా ఆమె దగ్గరే సూది పట్టారు. నలుగురైదుగురు తర్వాత నాగర్‌కర్నూల్, వనపర్తి బడుల్లో కుట్టుపని నేర్పే పంతులమ్మలయ్యారు.

ఉద్యోగం వచ్చిన ఏడు రంజాన్ పండుగకు సాబిర్ వచ్చాడు. బండి తేలేదు. మొదటిసారి అక్క ఇంట్లో చుట్టంలా కూర్చుని కడుపునిండా తిన్నాడు. చేయి కడుక్కుంటూ అన్నాడు:

"అల్లా దయ ఆపా. నౌకరి దొరికె గనక ఈ ఊళ్లె ఉండగలిగినవ్."

"నౌకరి దొరికి మూడు నెలలు," అంది కుల్సుమ్‌బీ. "అంతకుముందు నన్ను ఉంచుకున్నోళ్లు సేమియా తాగనీకి వచ్చిన్రు. బయట కూసున్నరు. పోయి సలాం చెయ్."

సాబిర్ బయటికి పోయాడు. అరుగు మీద ఏడుగురు గిన్నెలు పట్టుకుని కూర్చున్నారు. జములమ్మ అతణ్ని కిందికీ మీదికీ చూసింది.

"ఈసారి నడిసొచ్చినవా తమ్మీ? మంచిగైంది. బండి తెస్తే ఎడ్లను ఇప్పి పెట్టుకుందమనుకున్న."

అతడు నవ్వి, తల వంచి లాల్‌బీకి సలాం చేశాడు. తర్వాత జములమ్మకు, తర్వాత ఒక్కొక్కరికీ. యాదమ్మ బట్టల మూట దించుకుని కాస్త ఎడంగా నేల మీద కూర్చుని ఉంది. అరుగు దిగి ఆమె దగ్గరికీ పోయాడు. సలాం అందనివాళ్లు ఎవరూ మిగల్లేదని గడపలోంచి చూసుకుని కుల్సుమ్‌బీ గిన్నెల్లో మళ్లీ సేమియా పోయడానికి లోపలికి వెళ్లింది.